కొత్తగా కప్పని పెంచుదామనుకుంటున్నా, ఏ రకం తీసుకోవాలి? ట్యాంక్ ఎలా సెట్ చేయాలి?

చినుకుచిన్నా:
నమస్తే అందరికీ, గ్రూపులో కొత్త. చేపలు పెట్టుకున్న పాత గాజు ట్యాంక్ ఒకటి ఖాళీగా పడుంది, పొడవు 60 సెంటీమీటర్లు, ఎత్తు ఒక 35 ఉంటుంది. దాంట్లో కప్పని పెంచుదామని ఎప్పట్నుంచో ఉంది. వీడియోల్లో ఆ ఎర్రకళ్ళ చెట్టుకప్ప, నీలం రంగు డార్ట్ ఫ్రాగ్ చూసి ఫ్లాట్ అయిపోయాను, ఇంకోపక్క ఆ పెద్ద నోరున్న గుండ్రటి ప్యాక్‌మ్యాన్ కప్ప మొహం చూస్తే నవ్వాగదు. ఏది తీసుకోవాలో తేలట్లేదు. రెండు మూడు రకాలు కలిపి ఒకే ట్యాంకులో పెట్టొచ్చా? చేత్తో పట్టుకోవచ్చా, పిల్లలు ముట్టుకుంటే ఏమన్నా అవుతుందా? వాసన వస్తుందా? హీటర్ కావాలా? అన్నీ ఒకేసారి అడిగేస్తున్నా, ఏమనుకోకండి.

బెకబెక:
వెల్కమ్ అండి. రంగు చూసి కప్పని సెలెక్ట్ చేయకండి, ముందు మీ గది చూడండి. ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే రోజుల్లో, మధ్యాహ్నం ఆ ట్యాంక్ పెట్టబోయే మూల ఎన్ని డిగ్రీలు ఉంటుందో థర్మామీటర్ పెట్టి కొలవండి, కప్ప ఏదన్నది సగం అక్కడే తేలిపోతుంది. చల్లటి గదిని వెచ్చగా చేయడం ఈజీ, ఒక హీట్ మ్యాట్, వేడిని అదుపులో ఉంచే ఒక థర్మోస్టాట్ ఉంటే చాలు. వేడి గదిని చల్లబరచడం మాత్రం ఖర్చుతో పని, తలనొప్పి కూడా.

ఫైర్ బెల్లీడ్ టోడ్, అదే పొట్ట ఎర్రగా ఉండే చిన్న కప్ప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 27 దాటితే నీరసపడిపోతుంది. డార్ట్ ఫ్రాగ్స్‌కి 22 నుంచి 26, పైకి పోతే ప్రాణాల మీదకే వస్తుంది. ప్యాక్‌మ్యాన్‌కి 24 నుంచి 28. వైట్స్ ట్రీ ఫ్రాగ్, అదే ఆస్ట్రేలియా న్యూగినియాల పచ్చ చెట్టుకప్ప, పగలు 24 నుంచి 28, రాత్రి 20కి దిగినా పట్టించుకోదు, కాస్త అటూఇటూ అయినా తట్టుకుంటుంది, కొత్తవాళ్ళకి అందరూ దాన్నే చెప్పేది అందుకే. ఎర్రకళ్ళది ఫోటోలో ఎంత బాగుంటుందో అంత నాజూకు, పగలంతా కళ్ళు మూసుకుని కాళ్ళు ముడుచుకుని ఆకుకి అతుక్కుని నిద్రపోతుంది, ఆ ఎరుపు నీలం ఏదీ మీకు కనపడదు. రాత్రి లైట్లన్నీ ఆర్పాక లేస్తుంది, అప్పటికి మీరు పడుకుంటారు.

రకాలు కలపడం గురించి అడిగారు కదా, వద్దు. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఒకదాని చర్మం మీద విషం ఇంకోదానికి పడదు, ఒకదాని వేడి ఇంకోదానికి సరిపోదు, వీటన్నిటికంటే ముందు పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది.

గాజుపెట్టె:
ఆ చేపల ట్యాంక్ నేల మీద ఉండే కప్పకైతే ఓకే, చెట్టు ఎక్కే కప్పకి ఎత్తు చాలదు. చెట్టుకప్పకి కనీసం 45 వెడల్పు, 45 లోతు, 60 ఎత్తు ఉండాలి. అడ్డంగా ఉన్న ట్యాంకుని నిలబెట్టి ముందు తలుపు బిగించుకునేవాళ్ళు ఉన్నారు, అదీ చేసుకోవచ్చు గానీ సిలికాన్ ఫంగస్ మందు కలపని రకం వాడాలి, వాసన మొత్తం పోయేదాకా ఆరబెట్టాలి.

ఇంకో ముఖ్యమైనది మూత. చేపలకి ఉన్నట్టు గాజు మూత పూర్తిగా మూసేస్తే గాలి ఆడదు, లోపల తడి నిలిచి బూజు పడుతుంది. మొత్తం జాలీ అయితే తేమ అంతా ఎగిరిపోతుంది. సగం జాలీ, సగం గాజు నాకు బాగా కుదిరింది. క్లిప్పులు మర్చిపోవద్దు, వేలెడంత సందులోంచి కూడా బయటపడతాయి ఇవి.

ఆకుచాటు:
డార్ట్ ఫ్రాగ్స్ నేను పెంచుతున్నా కాబట్టి చెప్తున్నా. అందరూ మొదట అడిగేది విషం గురించే. అడవిలో అవి తినే చీమలు, పేలంత మైట్స్ లోంచి వచ్చే ఆల్కలాయిడ్స్‌ని చర్మంలో దాచుకుంటాయి, విషం వాటి ఒంట్లో తయారయ్యేది కాదు. ఇళ్ళలో పుట్టి ఫ్రూట్ ఫ్లైస్ తిని పెరిగిన వాటికి ఆ విషం ఉండదు. అలాగని చేతిలోకి తీసుకోవడానికి కాదు లెండి, వాటి చర్మానికి మన చెయ్యే విషం.

అసలు కష్టం తిండి దగ్గర. బొటనవేలంత కప్ప, దానికి దుకాణంలో దొరికే క్రికెట్ పురుగు గొంతులో పట్టదు. రెక్కలు లేని లేదా ఎగరలేని ఫ్రూట్ ఫ్లైస్ మీరే ఇంట్లో సీసాల్లో పెంచాలి, ఎప్పుడూ ఒక సీసా రెడీ, ఒకటి మొదలుపెట్టింది, ఒకటి అయిపోతున్నది ఉండాలి. ఒక బ్యాచ్ బూజు పట్టిందంటే ఆ వారం కప్పలకి పస్తే. పగలు తిరుగుతాయి, మొక్కల మధ్య ఎగురుతుంటే చూడ్డానికి ఇంతకంటే బాగుండేది లేదు, అది నిజం. కానీ గది 28 దాటే చోట కూలింగ్ లేకుండా వద్దండి. తీసుకోవాలనే ఉంటే లూకోమెలాస్ అనే పసుపు నలుపు పట్టీలది గానీ ఆరాటస్ అనే పచ్చ నలుపుది గానీ మొదట చూడండి, రెండూ కొంచెం గట్టివి.

ఊరికేచూస్తున్నా:
ఇన్ని తిప్పలు ఎందుకు బ్రో. వాన పడ్డ రాత్రి తోటల ఎన్ని కప్పలు కావాలంటే అన్ని దొరుకుతయి. మన గాలికి మన ఎండకి అలవాటు పడ్డవి, హీటర్ వద్దు కూలర్ వద్దు. ఒక్కటి పట్టుకొచ్చి పెట్టుకుంటే అయిపాయె. చిన్నప్పుడు అందరం తోకకప్పల్ని సీసాల పెట్టినోళ్ళమే కదా.

వెట్‌స్టూడెంట్:
@ఊరికేచూస్తున్నా గారు, మీరన్నదాంట్లో వాతావరణం పాయింట్ కరెక్టే. మిగతాది మాత్రం కాదు. ఒకటి, చాలా దేశాల్లో అడవి జంతువుని పట్టి ఇంట్లో ఉంచుకోవడం చట్టప్రకారం నేరం, కప్ప కూడా అందులోకే వస్తుంది, ఎవరి చోట రూల్ వాళ్ళు చూసుకోవాలి. రెండు, బయటి కప్ప ఒంట్లో పరాన్నజీవులు మామూలుగానే ఉంటాయి, ఊపిరితిత్తుల్లో ఉండే రాబ్డియాస్ పురుగుల్లాంటివి. బయట తిరిగినన్నాళ్ళూ వాటితో బతికేస్తుంది, చిన్న పెట్టెలో పెట్టాక తన రెట్ట మీదే తను కూర్చుంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ అంటుకుని పురుగుల లోడ్ పెరిగిపోతుంది. దానికి తోడు స్ట్రెస్.

అన్నిటికంటే పెద్దది కైట్రిడ్ ఫంగస్. 1998లో కప్పల చావులకి ఇదే కారణమని పట్టుకున్నారు, 1999లో బాట్రాకోకైట్రియమ్ డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. కప్ప చర్మంతోనే నీళ్ళు, లవణాలు సరిచేసుకుంటుంది, ఈ ఫంగస్ ఆ చర్మాన్ని మందం చేసి పాడుచేస్తే లవణాలు పడిపోయి గుండె ఆగుతుంది. 2019లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం 501 జాతులు దీనివల్ల తగ్గిపోయాయి, అందులో 90 పూర్తిగా అంతరించినట్టే. ఇది ప్రపంచమంతా పాకడంలో కప్పల వ్యాపారానికి పెద్ద చెయ్యే ఉంది. అందుకే బయటి కప్పని లోపలికి తేవద్దు అనేది ఎంత ముఖ్యమో, లోపలి కప్పని, దాని నీళ్ళని, దాని మట్టిని బయట పారబోయొద్దు అనేది అంతకంటే ముఖ్యం. ట్యాంక్ నీళ్ళలో బ్లీచ్ కలిపి కాసేపు ఉంచి డ్రైనేజీలోకే పోయాలి, చెరువులో కాలవలో కాదు.

ఊరికేచూస్తున్నా:
అమ్మో, ఒక కప్పకి ఇంత కథా. సరే దుకాణంల కొన్నది మాత్రం అడివిల పట్టింది కాదని గ్యారంటీ ఏంది మరి?

బెకబెక:
మంచి ప్రశ్నే అడిగావు బ్రో. గ్యారంటీ లేదు. అమ్మేవాళ్ళని సూటిగా అడగాలి, ఎవరు పెంచారు, ఎప్పుడు పుట్టింది, తల్లిదండ్రుల ఫోటో ఉందా, ఇప్పుడు ఏం తింటోంది. నా ముందు తినిపించి చూపించండి అనాలి. ముక్కు మీద గాజుకి కొట్టుకున్న పుండు ఉన్నా, తుంటి ఎముకలు పొడుచుకొచ్చినా, పగలు చెట్టుకప్ప నేల మీద కాళ్ళు బారజాపుకుని ఉన్నా, తొడల లోపలి వైపు ఎర్రగా కమిలినట్టున్నా వదిలేసి వచ్చేయాలి. జాలిపడి కొంటే ఆ ఖాళీలోకి ఇంకోదాన్ని తెచ్చి పెడతారంతే. నేరుగా ఇంట్లో బ్రీడ్ చేసేవాళ్ళ దగ్గర తీసుకోవడమే బెస్ట్, వాళ్ళు మాట్లాడటం మొదలుపెడితే మీరే ఫోన్ పెట్టేయాల్సి వస్తుంది, అంత చెప్తారు.

నీటిబొట్టు:
నేను చేపలవైపు నుంచి వచ్చినవాణ్ణి, నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి ఇంతవరకు! కప్ప నోటితో నీళ్ళు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర పల్చటి చర్మం ఉంటుంది, గిన్నెలో కూర్చుని దాంతోనే పీల్చుకుంటుంది. అంటే మీరు గిన్నెలో ఏం పోస్తే అది తిన్నగా రక్తంలోకి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఒక రోజు బకెట్లో నిలవుంచితే పోతుంది, కానీ చాలా చోట్ల ఇప్పుడు క్లోరమైన్ కలుపుతున్నారు, అది నిలవుంచినా పోదు. చేపలకి వాడే డీక్లోరినేటర్ వేయాల్సిందే, చుక్కలే పడుతుంది. అలాగని డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో పోయొద్దు, అందులో లవణాలు అసలుండవు. స్ప్రే చేయడానికైతే పర్లేదు, గాజు మీద తెల్ల మరకలు పడవు కూడా.

గిన్నె నీళ్ళు రోజూ మార్చండి. అందులోనే కూర్చుంటుంది, అందులోనే కానిచ్చేస్తుంది. వాసన అడిగారు కదా, నీళ్ళు రోజూ మారిస్తే వాసనేం ఉండదు, రెండు రోజులు వదిలేస్తే మీకే తెలుస్తుంది.

అన్నట్టు ఆ 60 సెంటీమీటర్ల ట్యాంకులో నీళ్ళే పోసి ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్ పెట్టొచ్చు, జెనోపస్ అంటారు. నాలుక ఉండదు దానికి, ముందు చేతులతో నోట్లోకి తోసుకుని తింటుంది, చూస్తే నవ్వొస్తుంది. 1930ల్లో గర్భం టెస్టుకి వాడింది దీన్నే, ఆడవాళ్ళ మూత్రం ఎక్కిస్తే గుడ్లు పెట్టేది. 15 ఏళ్ళకి పైనే బతుకుతుంది. అయితే కాలవల్లోకి వదిలేసినవి చాలా దేశాల్లో పాతుకుపోయి అక్కడి జీవుల్ని తినేస్తున్నాయి, కొన్ని చోట్ల పెంచడమే నిషేధం.

చినుకుచిన్నా:
వామ్మో, ఇంతుందా. థ్యాంక్స్ అందరికీ. గది కొలిచాను, బాగా వేడి రోజుల్లో ఏసీ లేకుండా 30 దాటుతోంది, ఏసీ వేస్తే 26. డార్ట్ ఫ్రాగ్, ఫైర్ బెల్లీడ్ రెండూ మనసులోంచి తీసేశా. ఇప్పుడు వైట్స్ ట్రీ ఫ్రాగా ప్యాక్‌మ్యానా? ప్యాక్‌మ్యాన్ అయితే ఉన్న ట్యాంకే సరిపోతుంది కదా అని ఒకవైపు లాగుతోంది.

ఆకుచాటు:
ప్యాక్‌మ్యాన్ గురించి ఒక్క ముక్క, అది కదలదు. నిజంగా కదలదు. కొబ్బరి పీచు పొడిలో సగం కూరుకుని కళ్ళు మాత్రం బయటపెట్టి రోజులకి రోజులు కూర్చుంటుంది, అదే దాని వేట. మీకు అది ఓకే అయితే దానంత సుఖమైన కప్ప లేదు. ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం ఎక్కడ కప్ప ఎక్కడ కప్ప అని వెతుకుతుంటారు.

బెకబెక:
దానికి నేనూ కలుపుతా. ప్యాక్‌మ్యాన్‌ని ఎప్పుడూ ఒక్కదాన్నే ఉంచాలి, తన సైజులో ఉన్న ఇంకో ప్యాక్‌మ్యాన్‌ని కూడా తినడానికి చూస్తుంది. వేలు దగ్గరికి పెడితే పట్టేస్తుంది, పై దవడకి పళ్ళు ఉన్నాయి, పట్టిందంటే వదలడం దానికే రాదు. తిండి పొడవాటి చిమటాతోనే. మట్టి బాగా ఎండిపోతే చర్మం పొరలు పొరలుగా కప్పుకుని గట్టి గూడులా చేసుకుని లోపల ముడుచుకుంటుంది, అడవిలో వానల్లేని నెలలు గడపడానికి అది చేసే పని. కొత్తవాళ్ళు చచ్చిపోయిందనుకుని పాతిపెట్టేయబోతారు. గోరువెచ్చగా కూడా కాదు, గది వేడిలో ఉన్న నీళ్ళు లోతు లేకుండా పోసి కూర్చోబెడితే మెల్లగా విప్పుకుంటుంది.

వైట్స్ అయితే రాత్రిపూట తిరుగుతుంది, గాజు మీద పాకుతుంది, మనుషులకి త్వరగా అలవాటు పడుతుంది. 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 15 ఏళ్ళు దాటి బతికినవి చాలా ఉన్నాయి, ఇది బాగా ఆలోచించుకోండి, చదువు, పెళ్ళి, ఇల్లు మారడం అన్నీ ఆ కప్పతోనే. మగదైతే అరుస్తుంది, కుళాయి తిప్పిన చప్పుడుకీ వాక్యూమ్ క్లీనర్ చప్పుడుకీ వానొచ్చిందనుకుని బదులిస్తుంది. మీకు ఏసీ ఉంది కాబట్టి నా ఓటు దీనికే, కొత్త ట్యాంక్ ఖర్చు ఒక్కసారిదే.

వెట్‌స్టూడెంట్:
చేత్తో పట్టుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ఏ కప్పనైనా అవసరానికే పట్టుకోవాలి, ట్యాంక్ కడిగేటప్పుడో, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడో. మన చేతి మీద ఉప్పు, సబ్బు, శానిటైజర్, దోమల క్రీమ్ అన్నీ దాని ఒంట్లోకి పోతాయి. చేతులు బాగా కడిగి సబ్బంతా పోయాక, క్లోరిన్ లేని నీళ్ళతో తడిపి పట్టుకోండి, లేదా పౌడర్ లేని గ్లోవ్స్ తడిపి. తర్వాత మళ్ళీ సబ్బుతో కడుక్కోవాలి, ఈసారి మన కోసం. కప్పల మీద సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, 2009 నుంచి అమెరికాలో నీళ్ళలో పెంచే చిన్న ఆఫ్రికన్ కప్పల వల్ల పిల్లలకి జబ్బు పాకింది. 5 ఏళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఆ గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. గరుకు చర్మం ఉండే అసలు టోడ్స్ పెంచితే కుక్కల్ని దూరంగా ఉంచండి, కళ్ళ వెనక గ్రంథుల్లో ఉండే విషం కుక్క గుండె మీద పనిచేస్తుంది.

గాజుపెట్టె:
సెటప్ నేను చెప్తా, ఇది నాకిష్టమైన టాపిక్. అడుగున తేలికపాటి మట్టి గుళికలు ఒక 4, 5 సెంటీమీటర్లు, ఎక్కువైన నీళ్ళు అక్కడికి దిగిపోతాయి. దాని మీద సన్నటి జాలీ గుడ్డ. ఆపైన కొబ్బరి పీచు పొడి, ఎరువులు కలపని మట్టి, పైన ఎండుటాకులు. ఎరువు, పెర్లైట్ తెల్ల గుళ్ళు ఉన్న నర్సరీ మట్టి వాడొద్దు. మనీప్లాంట్ పెట్టండి, అది చావదు, పైగా కప్ప బరువు మోస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని వేళ్ళు కడిగి, కొన్ని వారాలు బయట ఉంచి పెట్టండి, మీద కొట్టిన మందులు పోవాలి. అడ్డంగా నిలువుగా లావుపాటి కొమ్మలు, కార్క్ బెరడు. స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్స్ అనే బుల్లి పురుగుల్ని వదిలితే బూజు, రెట్ట అవే తినేస్తాయి.

వైట్స్‌కి తేమ 50 నుంచి 60 శాతం చాలు, రాత్రి స్ప్రే చేస్తే పెరిగి పగటికి ఆరిపోవాలి. కప్ప అనగానే 24 గంటలూ చిత్తడిగా ఉంచుతారు, ఈ రకానికి అది చర్మం మీద ఇన్ఫెక్షన్ తెప్పిస్తుంది.

వెట్‌స్టూడెంట్:
గాజుపెట్టె గారి ట్యాంకులు చూడ్డానికి అడవిలా ఉంటాయి, ఒప్పుకుంటా. కానీ కొత్త కప్ప రాగానే అందులో వదలొద్దు. మొదటి ఒకటి రెండు నెలలు మామూలు ప్లాస్టిక్ డబ్బాలో తడి పేపర్ టవల్, నీళ్ళ గిన్నె, దాక్కోడానికి ఏదైనా, అంతే. రెట్ట కనపడాలి, దాన్ని పరీక్షకి ఇవ్వాలి, తింటోందో లేదో తెలియాలి. కైట్రిడ్‌కి స్వాబ్ టెస్ట్ చేయించగలిగితే ఇంకా మంచిది, బయటపడితే ఇట్రాకోనజోల్ అనే ఫంగస్ మందు కలిపిన స్నానాలతో తగ్గుతుంది.

గాజుపెట్టె:
క్వారంటైన్ వద్దని నేనెక్కడన్నా. అది అవుతున్నప్పుడే ఇక్కడ మొక్కలు వేళ్ళు పట్టుకుంటాయి, రెండూ కలిసొస్తాయి. నాకు పడనిది జీవితాంతం పేపర్ టవల్ మీద పెట్టేవాళ్ళు.

బెకబెక:
ఒక్కటి మాత్రం ఇద్దరూ మర్చిపోయారు, గులకరాళ్ళు. నోట్లో పట్టే సైజు రాయి ఏదీ లోపల ఉండకూడదు, పురుగుతో పాటు మింగి పేగు అడ్డుపడుతుంది. గుప్పిట్లో పట్టనంత పెద్దవి పెట్టండి, లేకపోతే అసలొద్దు. హీట్ మ్యాట్ పెడితే పక్క గోడకే పెట్టండి, అడుగున కాదు. వేడెక్కితే కప్ప కిందకి తవ్వుకుని పోతుంది, కింద ఇంకా వేడి, అక్కడే ఉడుకుతుంది. ఆ గదిలో దోమల మందు, రూమ్ ఫ్రెషనర్, పెయింట్ ఏదీ వద్దు.

చినుకుచిన్నా:
వైట్స్ ఫిక్స్ అయిపోయాను. తిండి ఎలా? రోజూ పెట్టాలా? చచ్చిన పురుగులు తినదా?

బెకబెక:
కదిలేదే తిండి దానికి. చిమటాతో ఊపితే మోసపోతుంది గానీ అలవాటు చేయాలి. క్రికెట్స్, దూబియా బొద్దింకలు, వానపాములు, పట్టుపురుగులు మెయిన్. వ్యాక్స్‌వార్మ్స్ అప్పుడప్పుడు, కొవ్వెక్కువ. సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. పిల్లకి రోజూ లేదా రోజు విడిచి రోజు, పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు. మిగిలిన క్రికెట్స్ రాత్రి ట్యాంకులో వదిలేయొద్దు, నిద్రలో ఉన్న కప్ప చర్మాన్ని కొరుకుతాయి.

పురుగుల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, అలాగే పెడుతూ పోతే ఎముకలు మెత్తబడతాయి. దవడ రబ్బరులా సాగడం, కాళ్ళు వంకరపోవడం చూస్తే అదే. కాబట్టి పురుగులకి ఒక రోజు ముందు ఆకుకూరలు, క్యారెట్ బాగా మేపాలి, పెట్టే ముందు విటమిన్ డి3 ఉన్న కాల్షియం పొడిలో దొర్లించాలి. మల్టీవిటమిన్ వారానికొకసారి, అందులో విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఉందో లేదో డబ్బా మీద చదవండి. బీటా కెరోటిన్ మాత్రమే ఉంటే చాలా కప్పలు దాన్ని సరిగ్గా మార్చుకోలేవు, లోపం వస్తే నాలుక విసిరినా పురుగుకి అంటదు, గురి తప్పుతోందని మనం నవ్వుకుంటాం, అది ఆకలితో ఉంటుంది.

బయట పట్టిన పురుగులు వద్దు, మందు కొట్టినవి అయ్యుండొచ్చు. మిణుగురులు అసలే వద్దు, అవి విషం. వైట్స్‌కి ఇంకో రోగం లావు. కళ్ళ పైన ఉండే మడత కళ్ళ మీదకి వాలిపోతోందంటే తిండి తగ్గించాలని. ఎలుకపిల్లల్ని తినిపించే వీడియోలు చూసి అలా చేయొద్దు, కొవ్వు పట్టి కంటి మీద తెల్ల పొర కూడా వస్తుంది.

ఆకుచాటు:
యూవీబీ లైట్ కూడా చెప్పండి, అదే ఒంట్లో విటమిన్ డి3 తయారవడానికి ఎండలో ఉండే కిరణాలనిచ్చే లైట్.

బెకబెక:
రాత్రి తిరిగే కప్పకి అవసరం లేదండి, డి3 పొడి చాలు. తరతరాలు అలాగే పెంచాం.

ఆకుచాటు:
పెంచాం, సరే. కానీ వైట్స్ అడవిలో పగలు కొమ్మల మీద వెలుతురులోనే పడుకుంటాయి, ఎంతో కొంత తగులుతుంది. తక్కువ పవర్ ట్యూబ్ ఒకటి, కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్, అంటే ఆ కిరణాల బలం, 1, 2 లోపు ఉండేలా, నీడలోకి పోయే చోటు కూడా ఉంచి పెడితే నష్టమేంటి? పొడి ఎక్కువైతే డి3 ఓవర్‌డోస్ అవుతుంది, లైట్‌తో అలా కాదు, దానికి చాలనుకుంటే నీడలోకి పోతుంది.

వెట్‌స్టూడెంట్:
నేను ఆకుచాటు గారివైపే, కానీ లైట్ పెట్టి పొడి మానేయొద్దు. కిటికీ ఎండలో పెడితే వస్తుంది కదా అనుకోవద్దు, గాజు యూవీబీని ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల పట్టి ఉంచుతుంది, ట్యాంక్ పొయ్యి అవుతుంది. ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా ఏడాదికల్లా యూవీబీ పడిపోతుంది, మార్చాలి.

బెకబెక:
సరే ఓడిపోలేదు గానీ ఒప్పుకుంటున్నా. పెట్టుకునేవాళ్ళు పెట్టుకోండి.

చినుకుచిన్నా:
అందరూ ఉన్నారా, అర్జెంట్! కప్ప వచ్చింది, ఇంట్లో బ్రీడ్ చేసిన పిల్ల, క్వారంటైన్ డబ్బాలో ఉంది, బాగానే తింటోంది. ఇప్పుడే చూస్తే నోరు పదే పదే తెరుస్తోంది, ఒళ్ళు వంచుతోంది, చేత్తో మొహం రుద్దుకుంటోంది, వాంతి వస్తున్నట్టు చేస్తోంది, రంగు కూడా పచ్చ నుంచి గోధుమకి మారింది. ఊపిరాడట్లేదా? డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా?

ఆకుచాటు:
ఆగండి ఆగండి, ఒంటి మీద జిగురుగా, మెరుస్తున్నట్టుందా? నోటి పక్కన పల్చటి పొర లాంటిది కనిపిస్తోందా?

చినుకుచిన్నా:
అవును!! దాన్ని మింగుతోంది!

ఆకుచాటు:
చర్మం వదులుతోందండి, కుబుసం. స్వెటర్ విప్పినట్టు తల మీంచి లాగి తినేస్తుంది, ఏదీ వేస్ట్ చేయదు. పిల్లలు తరచుగా చేస్తాయి. కాసేపట్లో అయిపోతుంది, ముట్టుకోకండి. రంగు కూడా చలికీ వెలుతురుకీ మూడ్‌కీ మారుతూనే ఉంటుంది, ఎప్పుడూ గోధుమగానే ఉండిపోతే అప్పుడు వేడి చెక్ చేయండి.

వెట్‌స్టూడెంట్:
భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గంటలు గడిచినా నోరు తెరిచి పీలుస్తుంటే, ఊడిన చర్మం ముక్కలు ముక్కలుగా ఒంటికే అంటుకుని ఉంటే, వెల్లకిలా తిప్పితే తిరిగి లేవలేకపోతే, పొట్ట నీళ్ళు పట్టినట్టు ఉబ్బితే, వెనక నుంచి లోపలి పేగు బయటికొస్తే ఆరోజే తీసుకెళ్ళాలి. కప్పల్ని చూసే డాక్టర్ ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుని నంబర్ పెట్టుకోండి, అందరు వెట్స్ చూడరు. వారానికోసారి చిన్న తూకం మీద డబ్బాతో సహా బరువు చూసి రాసుకోండి, జబ్బు కంటికి కనపడేలోపే బరువులో తెలుస్తుంది.

చినుకుచిన్నా:
హమ్మయ్య. అయిపోయింది, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చుంది. రెండు డౌట్లు, ఒంటరిగా బోర్ కొడుతుందా, ఇంకోటి తేవాలా? ఊరెళ్తే ఎలా?

బెకబెక:
బోర్ మనకే, దానికి కాదు. తేవాలనుకుంటే అదే రకం, అదే సైజు, వేరే క్వారంటైన్, ఇంకా పెద్ద ట్యాంక్. సైజులో కొంచెం తేడా ఉన్నా పెద్దది చిన్నదాని కాలు నోట్లో పెట్టుకుంటుంది. పెద్ద కప్ప వారం తినకపోయినా ఏం కాదు, నీళ్ళు మార్చేవాళ్ళు ఉంటే చాలు. పిల్ల ఉన్నన్నాళ్ళు మాత్రం తినిపించే మనిషి కావాలి. ఏసీ ఆగిపోతే ఏం చేయాలో కూడా వాళ్ళకి చెప్పి వెళ్ళండి, జాలీ మూత మీద చిన్న ఫ్యాన్ తిప్పి, లోపల స్ప్రే చేస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐస్ ముక్కలు లోపల వేయొద్దని మరీ మరీ చెప్పండి.

ఊరికేచూస్తున్నా:
ఇన్ని రోజుల నుంచి చదువుతున్న, నాకొక్కటే డౌట్. ఆ దూబియా బొద్దింకలు డబ్బాల నుంచి బయటపడి ఇల్లంతా పాకితే కప్ప కన్నా ముందు మా ఇంటోళ్ళు నన్ను బయటపడేస్తరు.

గాజుపెట్టె:
పాకవు బ్రో. నున్నటి ప్లాస్టిక్, గాజు గోడ ఎక్కడం వాటికి చేతకాదు, ఎత్తైన డబ్బా అయితే మూత తీసి ఉంచినా బయటికి రావు. మగవాటికి రెక్కలున్నా ఎగరడం అంతంతమాత్రమే. ఒకటీ అరా జారిపోయినా, పిల్లలు పెట్టాలంటే వాటికి 28, 30 డిగ్రీల వేడి కావాలి, వంటింటి బొద్దింకల్లా ఇల్లంతా నిండిపోవు. క్రికెట్స్ అయితే మాత్రం నువ్వు చెప్పిందే జరుగుద్ది, ఒక్కటి బీరువా వెనక చేరితే రాత్రంతా కచేరీనే.